చెయ్యి పట్టని క్యాను

జగన్నాథరావు తన నలభై నాలుగేళ్ల జీవితంలో ఒక్క గిన్నె కూడా కడగలేదు. అదేమీ నేరం కాదు. ఆయన తండ్రీ కడగలేదు, తాతా కడగలేదు. తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయే వంశం వాళ్లది. రాజమండ్రి నుంచి ఉద్యోగం మీద వచ్చి జహనుమా బస్తీలో అద్దెకున్న ఈ పెద్దమనిషి గిన్నెల జోలికి పోకుండా ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయేది. ఖర్మ కాలి, సర్కారువారు ఆయనకు అప్పగించిన పని గిన్నెలు తయారుచెయ్యడం.

ఆయన పనిచేసే ఆఫీసు పేరు గృహోపకరణాల మెరుగుదల కేంద్రం. జనం ఇళ్లలో వాడుకునే వస్తువులన్నీ మోటుగా ఉన్నాయనీ, వాటిని చదువుకున్నవాళ్లు బాగుచెయ్యాలనీ ఆ కేంద్రం నమ్మకం. చాంద్రాయణగుట్ట దారిలో ఓ పాత బంగళా, అందులో ఆరు గదులు, ఏడుగురు ఉద్యోగులు. ఏడుగురూ మగవాళ్లే. ఇంట్లో వస్తువులు వాడేది ఎవరన్న ప్రశ్న వాళ్లలో ఎవరికీ తట్టలేదు కాబట్టి ఆ లోటు ఎవరికీ కనపడనూ లేదు.

జగన్నాథరావుకు జీవితంలో ఒకటే కోరిక. ఈ కేంద్రానికి రాకముందు పదిహేనేళ్లు గోదావరి కాలవల శాఖలో గోదాముకు కాపలాదారుగా, అంటే కాగితాల మీద ఇంజనీరుగా, నట్లూ బోల్టుల మధ్య గడిపాడు. తను గీసిన వస్తువు ఒకటి, తన పేరున్న వస్తువు ఒకటి, ఇంటింటా ఉండాలి. ఢిల్లీవాళ్లు మెచ్చిన వస్తువు మీద దాన్ని రూపొందించినవాడి పేరు అచ్చు గుద్దవచ్చని కేంద్రం రూల్సులో ఒక వాక్యం ఉంది. ఆయన దాని కింద ఎర్ర పెన్సిలుతో రెండుసార్లు గీత గీశాడు. మెచ్చకపోతే మళ్లీ గోదాముకే పంపుతారన్నది తర్వాతి వాక్యం. దాని కింద గీత గియ్యలేదు గానీ అది ఆయనకు కంఠతా వచ్చు.

ఇక ఆ వస్తువు ఏమిటన్నది రుక్మాబాయి పుణ్యమా అని దొరికింది.

రుక్మాబాయి జహనుమాలో పాలు పోసే మనిషి. ఆమె అత్తగారి అత్తగారి కాలం నుంచీ వాళ్లు ఆ బస్తీలోనే బర్రెలు కాస్తున్నారు. భర్త కొండల్ బర్రెల సంగతి చూస్తాడు, ఆమె ఇరవై ఇళ్లకు తెల్లారేసరికి పాలు చేరుస్తుంది. వెడల్పు మూతి ఇత్తడి గుండిగ నెత్తిన పెట్టుకొచ్చి, గుమ్మం ముందు దించి, కొలత డబ్బా లోపలికి ముంచి, జగన్నాథరావు భార్య కామేశ్వరమ్మ గిన్నెలో పోసి, ఆపైన మళ్లీ ఇంకాస్త ముంచి కొసరు పోసేది. గుండిగలో పాలు తగ్గేకొద్దీ ఆమె చెయ్యి లోపలికి దిగేది. ఒకరోజు ఆమె ఆకుపచ్చ గాజుల మీంచి ఒక పాలచుక్క జారి మళ్లీ గుండిగలో పడటం జగన్నాథరావు కళ్లారా చూశాడు. ఆ రోజు కాఫీ తాగలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకెళ్లి తెల్లకాగితం పైన 'చెయ్యి తగలని పాలు' అని పెద్దక్షరాలతో రాసి, కింద గియ్యడం మొదలుపెట్టాడు.

పద్నాలుగు నెలలు గీశాడు. చివరికి తేలిన క్యాను చూడముచ్చటగానే ఉంది. అల్యూమినియం ఒళ్లు, సన్నని పొడుగాటి మెడ, మెడకు మర మూత, అడుగున ఒక కుళాయి. కుళాయి ఒకసారి తిప్పితే సరిగ్గా అర లీటరు వచ్చి దానంతటదే ఆగిపోతుంది. మొదటి నమూనాను ఇంటికి తెచ్చి హాలు మధ్యలో బల్ల మీద నిలబెట్టి భార్యను పిలిచాడు.

కామేశ్వరమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. మూత తీసి మెడలోకి తొంగి చూసింది. నాలుగు వేళ్లు కలిపి పెట్టి చూసింది. చెయ్యి వేళ్ల కణుపుల దగ్గరే ఆగిపోయింది.

"ఇందులో చెయ్యి పట్టదేమండీ?" అంది.

జగన్నాథరావుకు నవ్వాగలేదు. పట్టకూడదనే గదా పద్నాలుగు నెలలు కష్టపడ్డది! మరి కడగడం ఎట్లా అని ఆమె అడిగింది. దానికి ప్రత్యేకంగా బ్రష్షు ఉంటుందనీ, క్యానుతో పాటు ఇచ్చే పుస్తకంలో మూడో పేజీలో అంతా రాశాననీ చెప్పాడు. ఆమె ఇంకేదో అనబోయి, మానేసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ మౌనాన్ని ఆయన అంగీకారం కింద జమ వేసుకున్నాడు. పందొమ్మిదేళ్లుగా అట్లాగే వేసుకుంటున్నాడు.

మొదటి విడత పాతిక క్యాన్లను ఫలక్‌నుమా స్టేషను పక్క మైదానంలో షామియానా వేసి పంచారు. కేంద్రం డైరెక్టరు ఆనందరావు ముప్పావు గంట మాట్లాడాడు. ఒకటో నంబరు క్యాను రుక్మాబాయికి ఇచ్చారు. దానితో పాటు ఒక చిన్న పుస్తకం. 'క్షీరపాత్రాంతర్భాగమును ప్రతిదినము త్రివారము ప్రక్షాళనము గావింపవలెను' అని మొదలయ్యే ఆ పుస్తకాన్ని చదవగలిగినవాళ్లకు బర్రెలు లేవు, బర్రెలున్నవాళ్లకు చదువు లేదు. బ్రష్షు మాత్రం ఇవ్వలేదు. అది వేరే ఫైలు. క్యాను ఫైలు ఒక గదిలోంచి కదిలింది, బ్రష్షు ఫైలు పక్క గదిలోనే కూచుంది.

రుక్మాబాయి కుళాయి తిప్పి చూసి ఒక్క మాట అడిగింది. ఇది అర లీటరు కాగానే ఆగిపోతే కొసరు ఎట్ల పొయ్యాలె అని. కొలత ఖచ్చితంగా ఉన్నప్పుడు కొసరుతో పనే లేదని జగన్నాథరావు ఓపిగ్గా వివరించాడు. కొసరు పొయ్యకపోతే, తను పాలు పోసే ఇంటి లక్ష్మీకాంతమ్మ గుండిగ ముందునుంచి గిన్నె తియ్యదని ఆమె చెప్పింది. లక్ష్మీకాంతమ్మ కూడా నేర్చుకుంటుందిలే అన్నాడాయన. లక్ష్మీకాంతమ్మకు డెబ్బై రెండేళ్లు, అప్పటిదాకా ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోలేదు.

వారం తిరక్కుండానే ఆయన ఇంటికే పాలు మళ్లీ ఇత్తడి గుండిగలో వచ్చాయి. క్యాను ఏదని జగన్నాథరావు గుమ్మంలో నిలబడి నిలదీశాడు.

"ఇంట్ల పెట్టిన సార్, భద్రంగ. రెండో దినమే పాలు ఇరిగినయి. మూడిండ్లల్ల పారబోసిండ్రు. లోపట జిడ్డు వట్టింది, నా చెయ్యి పోతలేదు. పుల్లకు బట్ట చుట్టి తిప్పిన, మూలలకు అందుతలేదు. ఇరవై ఏండ్ల సంది వోస్తున్న ఇండ్లు సార్, మీ క్యాను కోసం పోగొట్టుకుందునా?"

ఆయనకు కోపం వచ్చింది. తప్పు క్యానులో ఉండే అవకాశం ఎంతమాత్రం లేదు, దాన్ని పద్నాలుగు నెలలు గీశాడు. కాబట్టి తప్పు వాడేవాళ్లలో ఉంది. వాళ్లకు శిక్షణ లేదు. ఆ నిర్ణయానికి రావడానికి ఆయనకు జహనుమా నుంచి ఆఫీసు దాకా పట్టే సైకిలు ప్రయాణం సరిపోయింది. శిక్షణ తరగతి పెట్టి పాతికమందినీ పిలిపించి, ఒక క్యానులో బకెట్టెడు నీళ్లు పోయించి, కుళాయి ఎట్లా తిప్పాలో, మూత ఎట్లా బిగించాలో రెండు గంటలు చూపించాడు. అంతా బుద్ధిగానే కూచున్నారు. చివర్లో వెనక వరసలోంచి రాజమణి అనే ముసలామె లేచి, పాలక్యానులో నీళ్లు పొయ్యడం మాకు మీరు నేర్పాల్నా సార్ అంది. ఆ తర్వాత నవ్వుల్లో తరగతి సాగలేదు. జగన్నాథరావు రిపోర్టులో మాత్రం 'హాజరైనవారు ఉత్సాహంగా పాల్గొన్నారు' అని రాశాడు. అది నిజమే.

అంతలో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. పై ఆఫీసరు ఒకాయన రాష్ట్రాలన్నీ తిరిగి ఇట్లాంటి వస్తువులు చూస్తున్నాడట, పద్దెనిమిదో తేదీ పొద్దున జహనుమాకు వచ్చి క్యాన్లు వాడుకలో ఉండగా చూస్తాడట. ఆనందరావు జగన్నాథరావును గదిలోకి పిలిచి తలుపు మూశాడు. పాతిక క్యాన్లూ ఆ పొద్దున వీధిలో కనపడాలనీ, కనపడకపోతే గోదావరి గోదాములో కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందనీ చెప్పాడు.

జగన్నాథరావు ఆ సాయంత్రం నేరుగా రుక్మాబాయి కొట్టం దగ్గరికి వెళ్లాడు. పేడ తొక్కకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మొదట గట్టిగానే మొదలుపెట్టాడు. సర్కారు సొత్తు అన్నాడు, రాసుకున్న షరతులన్నాడు. కొండల్ బర్రెకు దాణా కలుపుతూ తల కూడా ఎత్తలేదు. మెల్లగా ఆయన గొంతు దిగింది. చివరికి ఒక్కరోజు, ఒక్క పొద్దు, నా ఉద్యోగం సంగతి అన్నాడు.

రుక్మాబాయి ఆయన్ని ఎగాదిగా చూసింది. పోనీ పాపం అనిపించింది ఆమెకు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. ఆ పొద్దు అందరం మీ క్యాన్లతోనే వస్తం. నేను జెప్త అందరికి" అంది. ఎట్లా వస్తారని ఆయన అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు లేదు.

పద్దెనిమిదో తేదీ పొద్దున్నే జీపు జహనుమా మలుపు తిరిగేసరికి పాతికమందీ వీధిలో ఉన్నారు. పాతిక క్యాన్లూ మిలమిలలాడుతున్నాయి. కేంద్రం ముద్ర ప్రతి దాని పొట్ట మీదా కనిపిస్తోంది. జగన్నాథరావు తృప్తిగా ఊపిరి పీల్చుకుని జీపు దిగి దగ్గరికి వెళ్లాడు.

క్యాన్లకు మెడ లేదు.

భుజాల దాకా శుభ్రంగా కోసేశారు. కోసిన అంచును తీగ మీదికి మడిచి నున్నగా కొట్టారు. కుళాయి పీకేసి ఆ బెజ్జానికి రివిట్టు బిగించారు. పద్నాలుగు నెలల ఆయన కష్టాన్ని ఫలక్‌నుమా స్టేషను ఎదురుగా రేకు పని చేసే రామ్‌చందర్ రెండు రోజుల్లో సరిచేసి పడేశాడు. రుక్మాబాయి లక్ష్మీకాంతమ్మ గుమ్మంలో కూచుని, గాజుల చెయ్యి లోపలికి పెట్టి, కొలత ముంచి పోసి, పైన కొసరు పోసింది. లక్ష్మీకాంతమ్మ గిన్నె తీసుకుని తృప్తిగా లోపలికి వెళ్లింది.

ఢిల్లీ ఆఫీసరు నెరిసిన జుట్టు మనిషి, మాటలు తక్కువ. వంగి క్యాను లోపలికి చూశాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఖాళీ క్యానులోకి మోచేతి దాకా పెట్టి అడుగంతా తడిమి, వేళ్లు వాసన చూసుకున్నాడు. కడగటం కష్టమా అని హిందీలో అడిగాడు. రుక్మాబాయి, "ఏం కష్టం లేదు సాబ్, మస్తుగ ఉంది. బూడిద వేసి రెండు సార్లు చెయ్యి తిప్పితే అద్దమే" అని సగం తెలుగులో, సగం ఉర్దూలో చెప్పింది.

ఆయన లేచి నిలబడి, ఇప్పటికి తొమ్మిది రాష్ట్రాల్లో పాలక్యాన్లు చూశాననీ, అన్నీ జీవితంలో గిన్నె కడగనివాళ్లు చేసినవేననీ, ఇన్నాళ్లకు వాడేవాళ్ల చేతిని చూసి చేసిన క్యాను ఒకటి కనపడిందనీ అన్నాడు. ఈ మూతి ఆలోచన ఎవరిదని అడిగాడు.

గుంపు వెనక రామ్‌చందర్ బీడీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. రుక్మాబాయి జగన్నాథరావు వైపు చూసింది. ఆయన రామ్‌చందర్ వైపు చూశాడు, ఆనందరావు వైపు చూశాడు, గోదావరి గోదాములో ఖాళీ కుర్చీ కళ్ల ముందు కనపడింది. రూల్సు పుస్తకంలో ఎర్రగీతల వాక్యం కూడా కనపడింది.

"చాలాకాలం అధ్యయనం చేశాం సార్" అన్నాడు.

సిగ్గు లేకపోలేదు. ఆ మాట నోటి నుంచి వస్తున్నప్పుడు చెవులు వేడెక్కాయి. ఆఫీసరు చెయ్యి కలిపేసరికి చల్లారిపోయాయి. రామ్‌చందర్ బీడీ వెలిగించుకుని దుకాణం తెరవడానికి వెళ్లిపోయాడు. రుక్మాబాయి ఇంకో పన్నెండు ఇళ్లకు పాలు పొయ్యాల్సి ఉంది, ఆమె కూడా వెళ్లిపోయింది.

నెలలోపల ఐదువేల క్యాన్లకు ఆర్డరు వచ్చింది. రూపకర్త పేరు అచ్చు గుద్దడానికి అనుమతీ వచ్చింది. జగన్నాథరావు ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి కామేశ్వరమ్మకు చదివి వినిపించాడు. మొత్తానికి చెయ్యి పడుతుందా అని ఆమె అడిగింది. బ్రహ్మాండంగా పడుతుందన్నాడు.

చిక్కల్లా ఒకటే. ఫ్యాక్టరీకి పంపడానికి కొత్త క్యాను బొమ్మ కావాలి. మెచ్చిన క్యాను బొమ్మ కేంద్రంలో లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ గియ్యలేదు. మూతి ఎంత వెడల్పో తెలియాలంటే టేపు పట్టుకుని రుక్మాబాయి కొట్టానికో, రామ్‌చందర్ దుకాణానికో వెళ్లాలి. వెళితే, క్యాను కనిపెట్టినవాడు తన క్యాను కొలతలు ఇంకొకణ్ణి అడగడానికి వచ్చాడని బస్తీ అంతా తెలిసిపోతుంది. బస్తీ అంతటికీ అప్పటికే తెలుసు. ఆ సంగతి తెలియనిది ఆయన ఒక్కడికే.

అందుకని తలుపు మూసుకుని తన చెయ్యే కాగితం మీద పెట్టుకుని చుట్టూ గీసుకున్నాడు. పెన్సిలు కంటే బరువైనది ఎత్తి ఎరగని సన్నని చెయ్యి అది. దానికి అటూ ఇటూ కాస్త జాగా వదిలి వలయం గీశాడు. మరీ భుజం దాకా కోసినట్టుంటే మోటుగా ఉంటుందని, అందానికి నాలుగు వేళ్ల ఎత్తు చిన్న మెడ పెట్టాడు. పేరు రాయడానికి కూడా చోటుండాలి గదా. ఆ మెడ చుట్టూ 'రూపకల్పన: పి. జగన్నాథరావు' అని రాశాడు. ఈసారి పరీక్ష కూడా చేశాడు. నమూనా రాగానే కేంద్రంలో ఏడుగురి చేతులూ ఒకరి తర్వాత ఒకరివి లోపలికి పెట్టించాడు. ఏడూ దూరాయి. అందరికీ సులువుగా ఉందని రిపోర్టు రాసి, ఫ్యాక్టరీకి పంపాడు.

కొత్త క్యాన్లు దిగిన రోజు, ఒకటి రుక్మాబాయికి తన చేతుల మీదుగా ఇవ్వాలని ఆయనకు మనసైంది. పాలు పొయ్యడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే ఆపాడు. మూత తీసి, తన చెయ్యి మణికట్టు దాటి లోపలికి పెట్టి, తిప్పి, బయటికి తీసి చూపించాడు. చూశావా, నీ మాట విన్నాను అన్నాడు. ఆయన నిజంగానే అట్లా అనుకుంటున్నాడు.

రుక్మాబాయి గుండిగ దించి, క్యాను ఒళ్లో పెట్టుకుని చెయ్యి పెట్టింది. వేళ్లు పోయాయి, అరచెయ్యి పోయింది. మణికట్టు దగ్గర గాజులు మెడకు తగిలి గలగలమని ఆగిపోయాయి. ఆమె చెయ్యి అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత బయటికి తీసుకుంది.

"కొంచెం గాజులు తీసి పెడితే..." అన్నాడు జగన్నాథరావు.

అన్నాక ఏమన్నాడో ఆయనకే వినపడింది. రుక్మాబాయి క్యానును నెమ్మదిగా గడప మీద పెట్టింది.

"గాజులు తియ్యాల్నా సార్? మా కొండల్ ఇంట్ల మంచిగనే ఉన్నడు" అంది.

ఆమె గొంతు పెంచలేదు. గుండిగలోంచి ఆ రోజు పాలు కొలిచి పోసింది, కొసరూ పోసింది. లోపలినుంచి వచ్చిన కామేశ్వరమ్మ గిన్నె అందుకుంటూ, ఆ మాట అన్నందుకు ఏమీ అనుకోవద్దని రుక్మాబాయి చెయ్యి పట్టుకుంది. భర్త ముఖం వైపు మాత్రం చూడలేదు. జగన్నాథరావుకు భూమి కుంగిపోతే బాగుండుననిపించింది గానీ, ఐదువేల క్యాన్లు అప్పటికే లారీలెక్కి జిల్లాలన్నీ దాటుతున్నాయి.

తర్వాత జరిగినదాంట్లో ఆయన ప్రమేయం ఏమీ లేదు. క్యాన్లు అందుకున్న ఆడవాళ్లు వాటిని నేరుగా రేకు పనివాళ్ల దగ్గరికి పట్టుకుపోయారు. అటు బార్కస్ నుంచి, ఇటు ఫలక్‌నుమా గల్లీల నుంచి రామ్‌చందర్ దుకాణం ముందు వరస కట్టారు. అతను టేపు ముట్టుకోడు. తెచ్చిన మనిషి గాజుల చెయ్యినే క్యాను మీద పెట్టమని, చుట్టూ సుద్దముక్కతో ఒక గీత గీసి, మెడ కోసేస్తాడు. పని పెరిగి దుకాణానికి ఒక బోర్డు కూడా రాయించాడు. 'ఇచ్చట సర్కారు క్యాను మెడ కోయబడును' అని. ఆఫీసుకు వెళ్లే దారి అదే కావడంతో, డిప్యూటీ డైరెక్టరు జగన్నాథరావు రోజుకు రెండుసార్లు జీపులోంచి ఆ బోర్డు చదువుకునేవాడు. అవును, డిప్యూటీ డైరెక్టరు అయ్యాడు. క్యాన్లు వాడుకలో ఉన్నాయా అని ఢిల్లీ అడిగితే, ఐదువేలూ వాడుకలో ఉన్నాయని జిల్లాలన్నీ జవాబు రాశాయి మరి.

కోసిన మెడలు దుకాణం పక్కన గుట్టగా పడి ఉండేవి. ఎవరికి ముందు తోచిందో గానీ, అవి కుండల కిందికి కుదుళ్లుగా బాగా పనికొస్తాయని బస్తీలో ఆడవాళ్లు కనిపెట్టారు. నాలుగు వేళ్ల ఎత్తు, గట్టి అంచు, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కదలదు. ఒక్కొక్కరూ ఒకటి రెండు పట్టుకెళ్లారు. గుట్ట కరిగిపోయింది.

ఒక ఆదివారం జగన్నాథరావు మంచినీళ్ల కోసం తనే వంటింట్లోకి వెళ్లాడు. ఆ ఇంట్లో అది అరుదైన సంగతి. కామేశ్వరమ్మ తూము దగ్గర కూచుని పాలక్యాను తోముతోంది. కేంద్రంవాళ్లు ఆయనకు బహుమతిగా ఇచ్చిన క్యాను. దానికి మెడ లేదు. ఆమె చెయ్యి గాజులతో సహా మోచేతి దాకా లోపలికి వెళ్లి హాయిగా తిరుగుతోంది.

ఆయన నీళ్లకుండ వైపు తిరిగాడు. కుండ కింద అల్యూమినియం కుదురు మెరుస్తోంది. దాని చుట్టూ చక్కని గుండ్రటి అక్షరాల్లో ఆయన పేరుంది. ఆ వీధిలో ఏ ఇంటికి వెళ్లి చూసినా ఇప్పుడు ఆ పేరు ఉంటుంది.

"ఇది..." అన్నాడు.

"చాలా బాగుందండీ" అంది కామేశ్వరమ్మ, తోమడం ఆపకుండానే. "ఇంతకుముందు కుండ ఒక పక్కకి ఒరిగేది. ఇప్పుడు ఇసుమంతైనా కదలడం లేదు."

పందొమ్మిదేళ్లలో ఆయన చేసిన వస్తువును ఆమె మెచ్చుకోవడం అదే మొదలు. జగన్నాథరావు గ్లాసు ముంచుకుని నీళ్లు తాగి, ఆ గ్లాసును ఎప్పటిలాగే అక్కడే పెట్టబోయాడు. పెట్టలేదు. కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, తూము దగ్గరికి వచ్చి కూచుని, దీన్ని ఎట్లా కడగాలి అని భార్యను అడిగాడు.